గవర్నర్‌ని మధ్యలో దించే ఎన్నిక: ఆ రెండో ప్రశ్న ఉండాలా, పోవాలా?

ఫ్రీమాంట్ వాసి

సూటిగా విషయానికి వస్తా. కాలిఫోర్నియాలో గవర్నర్‌ని పదవీకాలం మధ్యలో దించే హక్కు జనానికి ఉంది. రీకాల్ అంటారు. అది ఉండాల్సిందే, దాని మీద నాకు పేచీ లేదు. నా పేచీ అంతా బ్యాలెట్ మీద ఉండే రెండో ప్రశ్నతోనే.

2021 సెప్టెంబర్ 14 ఎన్నికలో ఓటేసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. పోస్టులో ఇంటికొచ్చిన కాగితం మీద ముందు గవర్నర్ గావిన్ న్యూసమ్‌ని తొలగించాలా వద్దా అని ఒక ప్రశ్న, దానికి అవును, కాదు అని రెండు గడులు. దాని కింద, తొలగిస్తే ఆయన స్థానంలో ఎవరు రావాలి అని ఇంకో ప్రశ్న, 46 పేర్లు. న్యూసమ్ పేరు మాత్రం ఆ జాబితాలో ఉండదు. ఉండకూడదని రాష్ట్ర రాజ్యాంగమే చెబుతోంది.

మొదటి ప్రశ్నలో గవర్నర్ నిలబడాలంటే సగం ఓట్లు కావాలి. రెండో ప్రశ్నలో గెలవడానికి సగం అక్కర్లేదు, జాబితాలో మిగతా ప్రతి ఒక్కరికన్నా ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు. అంటే 49 శాతం మంది ఉండమన్న మనిషి ఇంటికి పోయి, 20 శాతం మంది కోరుకున్న మనిషి సుమారు 4 కోట్ల జనాభా ఉన్న రాష్ట్రాన్ని ఏలొచ్చు. ఇది ఏ రకంగా న్యాయమో ఎవరైనా చెప్పండి.

గోదారి గట్టు

అన్నా, జరగని దాని గురించి భయపడుతున్నారు. ఈ హక్కు 1911లో హైరమ్ జాన్సన్ గవర్నర్‌గా ఉన్నప్పుడు వచ్చింది. అప్పట్లో సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీ ఎవరిని చెబితే వాళ్ళే రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో కూర్చునేవాళ్ళు, ఆ పట్టు విడిపించడానికే జనం చేతికి ఈ ఆయుధం ఇచ్చారు. ఇన్నేళ్ళలో గవర్నర్ల మీద ఎన్నిసార్లు ప్రయత్నించారో చూడండి, 1960 తర్వాత వచ్చిన ప్రతి గవర్నర్ మీదా కనీసం ఒక్కసారైనా రీకాల్ కోసం సంతకాల కాగితాలు తిప్పారు. బ్యాలెట్ దాకా వచ్చినవి రెండే: 2003లో గ్రే డేవిస్, 2021లో న్యూసమ్. దిగిపోయింది ఒక్కరే. దుర్వినియోగం అయిపోతోంది అనడానికి ఈ రెండూ సరిపోవు. రూల్స్ మార్చాలి అనే మాట ఎప్పుడూ కుర్చీలో ఉన్నవాళ్ళ వైపు నుంచే వస్తుంది, అది కూడా గమనించండి.

లెక్కల మాస్టారు

రెండు ఎన్నికల అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే గోదారి గట్టు గారి మాటలో సగం నిజం, సగం అదృష్టం కనిపిస్తాయి.

2003 అక్టోబర్ 7న డేవిస్‌ని ఉంచమన్నవాళ్ళు సుమారు 40 లక్షలు. రెండో ప్రశ్నలో 135 మంది పోటీ చేస్తే ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్‌కి వచ్చినవి సుమారు 42 లక్షలు. అంటే దిగిపోయినాయన కన్నా వచ్చినాయనకి ఓట్లు ఎక్కువే, కాబట్టి ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు. కానీ అంత పేరున్న సినిమా హీరో బరిలో లేకపోతే? ఆ 135 మందిలో ఓట్లు చీలిపోయి ఎవరో పాతిక శాతంతో వచ్చి కూర్చునేవాళ్ళు. రూల్ అప్పుడూ అదే.

2021లో న్యూసమ్‌ని ఉంచమన్నవి 79 లక్షల పైన, దించమన్నవి 49 లక్షలకి కాస్త తక్కువ. రెండో ప్రశ్నలో మొదట నిలిచిన రేడియో హోస్ట్ లారీ ఎల్డర్‌కి వచ్చినవి సుమారు 36 లక్షలు. అసలు ఓటేసిన ప్రతి పదిమందిలో నలుగురికి పైగా రెండో ప్రశ్నని ఖాళీగా వదిలేశారు, ఎందుకంటే న్యూసమ్ పార్టీ అయిన డెమొక్రాటిక్ పార్టీయే వదిలేయమని చెప్పింది. మొదటి ప్రశ్న 62-38 తేడాతో తేలిపోయింది కాబట్టి సరిపోయింది. అది 49-51 అయి ఉంటే ఏమయ్యేదో ఒకసారి ఊహించండి: 60 లక్షల పైచిలుకు మంది ఉండమన్న గవర్నర్ పోయి, అందులో సగానికి కాస్త ఎక్కువ ఓట్లు వచ్చినాయన ప్రమాణ స్వీకారం చేసేవారు.

కూకట్‌పల్లి కుర్రాడు

ఇక్కడ హైదరాబాద్ నుంచి చదువుతున్నా, డౌట్ ఏంటంటే మన దగ్గర ముఖ్యమంత్రిని దించాలంటే అసెంబ్లీలో మెజారిటీ పోతే చాలు కదా, అక్కడ శాసనసభ ఆ పని ఎందుకు చేయదు? ఇంత ఖర్చు పెట్టి రాష్ట్రమంతా ఎన్నిక దేనికి?

ఫ్రీమాంట్ వాసి

తమ్ముడూ, ఇక్కడి గవర్నర్‌ని రాష్ట్రమంతా నేరుగా ఓటేసి ఎన్నుకుంటుంది, శాసనసభ పెట్టిన మనిషి కాదు. అభిశంసన అనేది ఉంది కానీ అది పదవిలో తప్పు చేసినప్పుడు. పాలన నచ్చలేదు అంటే దారి రీకాల్ ఒక్కటే. ఖర్చు మాట నిజమే, 2021 ఎన్నికకి సుమారు 20 కోట్ల డాలర్లు అయింది, పైగా మామూలు ఎన్నిక 14 నెలల్లో ఉండగా. 2022 నవంబర్‌లో అదే న్యూసమ్ మళ్ళీ గెలిచారు.

మన దగ్గర పద్ధతి మేలని మాత్రం నేను అనను. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ని రాజ్‌భవన్ నుంచి దించేసి నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెట్టినప్పుడు జనాన్ని ఎవరూ అడగలేదు. నెల తిరిగేసరికి జనమే రోడ్డెక్కి వెనక్కి తెచ్చుకున్నారు. జనం ఒప్పుకోని మనిషి పెద్ద కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. నా బాధంతా అదే.

డబ్లిన్ అక్క

నాకు రెండో ప్రశ్న కంటే ముందు మెట్టు మీదే అభ్యంతరం ఉంది. న్యూసమ్‌ని దించాలని 2020-21 శీతాకాలంలో మా వైపు కిరాణా షాపు బయట మడత బల్ల వేసుకుని సంతకాలు తీసుకునేవాళ్ళు. సంతకం పెట్టే ముందు కాగితం పూర్తిగా చదివాను. కారణాలు అని రాసినవి వలసదారులకి అనుకూలమైన చట్టాలు, పన్నులు ఎక్కువ, ఇల్లు లేనివాళ్ళు పెరిగిపోయారు, ఇలాంటివి. కోవిడ్ అనే మాటే లేదు, ఎందుకంటే ఆ కాగితం మొదలైంది 2020 ఫిబ్రవరిలో. బల్ల దగ్గర నిలబడ్డవాళ్ళు మాత్రం మాట్లాడుతున్నదంతా స్కూళ్ళు తెరవకపోవడం గురించి, రెస్టారెంట్లు మూయించి న్యూసమ్ నాపా వ్యాలీలో ఖరీదైన విందుకి వెళ్ళడం గురించి. వలసదారుల మీద రాసిన వాక్యం కింద మన వలసదారులమే సంతకం పెట్టేస్తున్నాం, చదవకుండా. నేను పెట్టలేదు.

ఇంకోటి, చట్టం ప్రకారం సంతకాలకి 160 రోజులే. కోవిడ్ వల్ల తిరగలేకపోతున్నామంటే కోర్టు ఇంకో 120 రోజులు ఇచ్చింది. కావాల్సినవి సుమారు 15 లక్షలు, అంటే అంతకుముందు గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో 12 శాతం. విస్కాన్సిన్‌లో అయితే 25 శాతం తేవాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆరోపణ చూపించాలి, అది దించడానికి సరిపడేదేనా అని కోర్టు చూస్తుంది. ఇక్కడ కారణం ఏదైనా రాయొచ్చు, సరిపోతుందా లేదా అని అడిగే హక్కు ఎవరికీ లేదు. 2003లో అమెరికా చట్టసభ (కాంగ్రెస్) సభ్యుడు ఒకాయన, డారెల్ ఐసా, సొంత డబ్బు 15 లక్షల డాలర్ల పైనే పెట్టి సంతకాలు చేయించారు. డేవిస్ అప్పటికి మళ్ళీ గెలిచి ఏడాది కూడా కాలేదు.

గోదారి గట్టు

అక్కా, కారణం సరిపోతుందా లేదా అని జడ్జి తేలిస్తే ఇంక జనం చేతిలో ఏముంటుంది? జడ్జీల్లో చాలామందిని నియమించేది గవర్నరే కదా. డేవిస్ మీద కోపం ఊరికే రాలేదు, 2000-01లో కరెంటు కోతలు, చేతకానితనంగా కనిపించిన ఒప్పందాలు, ఆపైన కార్ల రిజిస్ట్రేషన్ పన్ను మూడింతలు. వీటిలో ఏదీ నేరం కాదు. కానీ జీతం మీద బతికేవాడు కారు ఫీజు కట్టడానికి వెళ్ళి ఆ బిల్లు చూసినప్పుడు వాడికి నాలుగేళ్ళు ఆగే ఓపిక ఎందుకుండాలి? కాగితం చదవకుండా సంతకం పెట్టడం మన తప్పు, హక్కు తప్పు కాదు. సంతకాల శాతం పెంచితే ఇంకా డబ్బున్నవాళ్ళే ఆ పని చేయగలుగుతారు, వాలంటీర్లు చేయలేరు.

ఫ్రీమాంట్ వాసి

కారణం విషయంలో నేను గోదారి గట్టు వైపే. పాలన నచ్చలేదు అన్నది చాలిన కారణమే.

కానీ ఎవరు వస్తారన్నది తేలిగ్గా తీసుకోకండి. 2021లో డయాన్ ఫైన్‌స్టైన్ కాలిఫోర్నియా తరఫున అమెరికా సెనేటర్, వయసు 88. సెనేట్‌లో రెండు పార్టీల బలం 50-50. సీటు ఖాళీ అయితే నింపేది గవర్నర్. 2023 సెప్టెంబర్‌లో ఆవిడ పోయారు, ఆ సీటు న్యూసమే నింపారు. జడ్జీలు, వీటో, అత్యవసర ఉత్తర్వులు, ఇవన్నీ ఆ కుర్చీతో పాటు వస్తాయి. అంత అధికారాన్ని ఐదోవంతు ఓట్లతో ఎవరికైనా ఇచ్చే తలుపు తెరిచి పెట్టుకున్నాం. ఒక మనిషికి ఒక ఓటు అనే సూత్రానికి ఇది విరుద్ధమని 2021లో కోర్టుకి కూడా వెళ్ళారు, ఫెడరల్ జడ్జి ఆగస్టులో కొట్టేశారు. కోర్టుతో అయ్యే పని కాదు, రాజ్యాంగమే మార్చుకోవాలి.

వేరే చోట ఎలా చేశారో చూడండి. దేశంలో మొదట రీకాల్‌లో దిగిపోయిన గవర్నర్ నార్త్ డకోటాలో లిన్ ఫ్రేజియర్, 1921. ఆయన ప్రత్యర్థితో ముఖాముఖి పోటీ చేసి స్వల్ప తేడాతో ఓడిపోయారు, మరుసటి ఏడాదే సెనేట్‌కి గెలిచారు. విస్కాన్సిన్‌లో గవర్నర్ స్కాట్ వాకర్ ఉద్యోగ సంఘాల హక్కులు కోసేశారని ఆయన్ని వద్దన్నవాళ్ళు 9 లక్షల పైగా సంతకాలు తెచ్చారు. 2012 జూన్‌లో ఆయన పేరూ బ్యాలెట్ మీదే ఉంది, టామ్ బారెట్ మీద 53 శాతంతో నెగ్గారు. నాకు వాకర్ పాలన అస్సలు నచ్చదు, అయినా ఆ ఎన్నిక న్యాయంగానే జరిగింది అంటాను, ఓడినవాళ్ళకి కూడా లెక్క అర్థమైంది.

లెక్కల మాస్టారు

గవర్నర్ పేరు జాబితాలో పెడితే ఇంకో చిక్కు ఉంది. 55 శాతం మంది దించమన్నా, వాళ్ళ ఓట్లు నలుగురైదుగురి మధ్య చీలిపోతే 45 శాతంతో అదే గవర్నర్ మళ్ళీ వచ్చేస్తారు. దించమన్న తీర్పుకి విలువ ఉండదు. డేవిస్ పేరు 2003 జాబితాలో ఉండి ఉంటే, ఆయన్ని ఉంచమన్న 40 లక్షలూ ఆయనకే పడితే, ష్వార్జెనెగర్‌తో పోటీ చాలా దగ్గరగా ఉండేది. కాబట్టి పేరు పెట్టడం ఒక్కటే సరిపోదు, మొదటి ఇద్దరి మధ్య రెండో విడత కూడా ఉండాలి. కాలిఫోర్నియాలో మామూలు గవర్నర్ ఎన్నిక ఇప్పుడు అలాగే జరుగుతోంది, జూన్‌లో అందరూ, నవంబర్‌లో ఇద్దరే. రీకాల్‌కి మాత్రం ఆ జాగ్రత్త లేదు.

డబ్లిన్ అక్క

అంత తిప్పలు ఎందుకు? దిగిపోతే లెఫ్టినెంట్ గవర్నర్‌కి, అంటే గవర్నర్ తర్వాతి స్థానంలో ఉండే మనిషికి, అప్పజెప్పండి. ఆ పదవి ఉన్నదే అందుకు, ఆ మనిషిని కూడా జనం రాష్ట్రమంతా ఓటేసే ఎన్నుకున్నారు. అప్పుడు అవును, కాదు అన్న ఒక్క ప్రశ్నే మిగులుతుంది. అవతలి పార్టీవాళ్ళకి కుర్చీ దొరకదు అని తెలిస్తే ఊరికే సంతకాలు చేయించడం కూడా తగ్గుతుంది.

గోదారి గట్టు

రెండో విడత పెడతామంటే నేను అడ్డు చెప్పను, మాస్టారి లెక్క నాకు నచ్చింది. సంతకాలు తేలాక 60 నుంచి 80 రోజుల్లో ఎన్నిక పెట్టేసే ఈ హడావుడి వల్ల పేరున్నవాళ్ళకే లాభం. ఇంకో రెండు నెలలు ఎక్కువ పట్టినా పరవాలేదు.

లెఫ్టినెంట్ గవర్నర్ మాట మాత్రం ఒప్పుకోను అక్కా. 2003లో ఆ పదవిలో ఉన్న క్రూజ్ బస్టమాంటే డేవిస్ పార్టీ మనిషే, రెండో ప్రశ్నలో నిలబడి సుమారు 32 శాతం తెచ్చుకున్నారు. అంటే జనం ఆయన్ని చూసి, తూచి, వద్దన్నారు. మీరు చెప్పిన పద్ధతి అప్పుడు ఉండి ఉంటే ఆ వద్దన్న మనిషే గవర్నర్ అయ్యేవారు. ఫ్రీమాంట్ అన్న మొదటి పోస్టులో అడిగిన ప్రశ్న, తక్కువమంది కోరుకున్నవాళ్ళు ఎలా ఏలతారు అన్నది, ఇక్కడా అంతే బలంగా నిలబడుతుంది కదా.

ఫ్రీమాంట్ వాసి

నిలబడుతుంది. అందుకే నేను కూడా లెఫ్టినెంట్ గవర్నర్‌కి పూర్తిగా ఇచ్చేయమనను. మొదటి రోజు ఒక్కటే ప్రశ్న, దించాలా వద్దా. దిగిపోతే కొన్ని నెలలు లెఫ్టినెంట్ గవర్నర్ తాత్కాలికంగా చూసుకోవాలి, ఆ లోపు విడిగా ఎన్నిక, సగం దాటకపోతే ఇద్దరి మధ్య రెండో విడత, దిగిపోయినాయన కావాలంటే అందులో నిలబడొచ్చు. ఖర్చు ఎక్కువే, నాకూ తెలుసు. శాసనసభ ఇలాంటి రాజ్యాంగ మార్పు తేవాలంటే ఉభయ సభల్లో మూడింట రెండొంతులు ఒప్పుకుని, తర్వాత జనం ఓటేయాలి. ఇంటికొచ్చే ఓటరు గైడులో ఇలాంటి సవరణ కనిపిస్తే అందులో ఒక్కటి వెతకండి, గెలిచినవాళ్ళకి సగం ఓట్లు రావాలన్న షరతు ఉందా లేదా అని. అది లేకపోతే నేను కాదు అనే ఓటేస్తా, ఏ పార్టీ తెచ్చినా సరే.