'బుద్ధి'లో మొదటి ద కి ఒత్తు ఎందుకు లేదు?

ప్రశ్న:
శుభలేఖల్లోనూ కొన్ని పాత అచ్చు పుస్తకాల్లోనూ 'బుధ్ధి', 'సిధ్ధం' అని రెండూ ఒత్తు ధలే కనిపిస్తాయి. నిఘంటువులో మాత్రం 'బుద్ధి'. ధాతువు బుధ్ కదా. ధాతువుకున్న ఒత్తు పోయి, చివర చేరిన 'తి'కి ఎలా వచ్చింది?

జవాబు:
పోలేదండీ, పక్క అక్షరానికి జరిగింది. పాణిని దీనికి సూత్రమే చేశాడు: ఝషస్తథోర్ధోఽధః. ఘ ఝ ఢ ధ భ ల తర్వాత వచ్చే త, థలు ధ అవుతాయి, ఒక్క 'ధా' ధాతువు దగ్గర తప్ప. అందుకే లభ్ + త = లబ్ధ, బుధ్ + త = బుద్ధ. దుగ్ధం కూడా ఇంతే, దుహ్‌లోని హ ఇక్కడ ఘ లాగా పనిచేస్తుంది. ఒత్తులేని సరళాలకి ఈ బలం లేదు. యుజ్ + త యుక్త అయింది, భుజ్ + త భుక్త అయింది. అక్కడ తకారమే నెగ్గి ముందున్న జ ని కకారం చేసేసింది. ఐరోపా భాషావేత్తలు బుద్ధ, లబ్ధల సంగతిని బార్తొలొమే నియమం అంటారు.

కారణం గొంతులో ఉంది. మన తెలుగు నేల మీద ఎక్కువగా వినిపించే వేదశాఖ తైత్తిరీయం. దాని ప్రాతిశాఖ్యలో (ఆ శాఖ ఉచ్చారణ నియమాలు చెప్పే గ్రంథంలో) మూడు చిన్న సూత్రాలున్నాయి: కంఠం మూసుకుంటే నాదం (గొంతు కంపనంతో వచ్చే ధ్వని), తెరుచుకుంటే శ్వాసం, మధ్యస్థంగా ఉంటే హకారం. హ లోనూ, వర్గాల్లోని నాలుగో అక్షరాల్లోనూ ఉండేది ఈ మధ్యస్థమే అని కూడా అక్కడే చెప్పారు. అంటే ధ అన్నది ద కి ఊపిరి తగిలించిన అక్షరం కాదు. స్వరతంత్రులు కంపిస్తూనే కొద్దిగా విడివడి ఉంటాయి, వాటి మధ్యనుంచి గాలి ధారాళంగా పోతుంది. ఏ పరికరమూ లేని రోజుల్లో కేవలం చెవితో, గొంతుతో ఇది పట్టుకున్నారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇప్పుడు 'బుద్ధ' అని నెమ్మదిగా పలకండి. రెండు దకారాల మధ్య నాలుక పళ్లను వదలదు. గాలి బయటపడేది మొత్తం జంట అయ్యాక, నాలుక విడిచినప్పుడు. కాబట్టి ఒత్తు వినపడేది రెండో అక్షరం మీదే. మొదటి దానికి ఒత్తు రాసినా పలకడానికి వీలుండదు. (మనలో చాలామంది మాట్లాడేటప్పుడు రెండోదాన్నీ పలకం, 'బుద్ది' అనేస్తాం. అది వేరే చర్చ.)

ప్రశ్న:
బాగుందండీ. మరి ఈ ధ, భలు సంస్కృతానికి మూలమైన ఇండో-యూరోపియన్ భాషలో కూడా ఉండేవా?

జవాబు:
గొడవంతా అక్కడే. 19వ శతాబ్దం చివర్లో బ్రుగ్‌మన్ వంటి భాషావేత్తలు మూలభాషకి సంస్కృతంలో లాగే త థ ద ధ నాలుగూ ఇచ్చారు. తర్వాత థ వరుస జారిపోయింది. 'పృథు'లోని థ కి గ్రీకు 'ప్లతుస్'లో ఉత్త త ఉంది. అక్కడ ఒకప్పుడు త పక్కన ఇంకో కంఠధ్వని ఉండేదని, ఆ రెండూ కలిసే సంస్కృతంలో థ అయిందని తేల్చారు. ఇక మిగిలినవి త, ద, ధ.

1957లో ఓస్లోలో జరిగిన భాషావేత్తల సభలో రోమన్ యాకోబ్‌సన్ అనే భాషావేత్త దీనికి అడ్డు చెప్పాడు. త, ద ఉండి, థ లేకుండా ధ మాత్రమే ఉన్న భాష తనకు కనపడలేదన్నాడు. దీనికి తోడు మూలభాషలో బకారం దాదాపు లేదు. బ ఉందని గట్టిగా చెప్పగల ధాతువులు వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే.

బ లేకపోవడం ఎందుకంత వింత? పెదవులు విప్పకుండా 'బ్‌‌...' అని సాగదీయండి. బుగ్గలు ఉబ్బుతాయి, గాలికి చోటుంటుంది, నాదం కాసేపు నిలుస్తుంది. 'గ్‌...' అని చూడండి. నాలుక వెనకభాగం అంగిటిని మూసేస్తుంది, దాని వెనక మిగిలేది చిన్న సందు. అది ఇట్టే నిండిపోయి నాదం ఆగిపోతుంది. అందుకే సరళాల్లో ఒకటి లోపిస్తే సాధారణంగా గ లోపిస్తుంది. థాయ్‌లో బ, ద ఉన్నాయి, గ లేదు. డచ్ సొంత మాటల్లోనూ అంతే. మూలభాషలో మాత్రం గ ఉండి బ లేదు, పూర్తిగా తలకిందులు.

1973లో ఒకపక్క గమ్‌క్రెలిడ్జె, ఇవానోవ్ అనే భాషావేత్తలు, వేరుగా పాల్ హాపర్, ఒకే పరిష్కారం చెప్పారు. మనం ద, గ అనుకుంటున్నవి నిజానికి ఎజెక్టివ్‌లు అని. గొంతు బిగించి స్వరపేటికను పైకి తోస్తే, మధ్యలో ఇరుక్కున్న గాలి టప్పుమని బయటికొస్తుంది. ఇలాంటి క కి ఇరుకు చోటు కాబట్టి ఒత్తిడి సులువుగా పెరుగుతుంది. ప కి చోటెక్కువ, ఒత్తిడి అంత తేలిగ్గా రాదు. కాబట్టి లోపించాల్సింది పెదవుల అక్షరమే. దీన్నే గ్లాటాలిక్ సిద్ధాంతం అంటారు. ఎజెక్టివ్‌లకి నాదం ఉండదు కాబట్టి, దీని ప్రకారం మన 'దశ' కంటే ఇంగ్లీషు 'టెన్', ఆర్మేనియన్ 'తస్న్' మూలానికి దగ్గర.

వేరొకరి వ్యాఖ్య:
గమ్‌క్రెలిడ్జె జార్జియా ఆయన. వాళ్ల భాషలో ఎజెక్టివ్‌లు నిండుగా ఉన్నాయి. సొంత భాషనే మూలభాషలో చూసుకున్నాడేమో!

జవాబు:
ఆ మాట అనేవాళ్లు ఉన్నారు గానీ, అది వాదం కాదండీ. పైగా జార్జియన్‌లో ఎజెక్టివ్ 'ప' శుభ్రంగా ఉంది, రొట్టెను వాళ్లు దానితోనే 'పురి' అంటారు. అంటే పెదవుల ఎజెక్టివ్ అరుదే గానీ అసాధ్యం కాదు. నా అభ్యంతరం వేరే. సంస్కృతం, గ్రీకు, లాటిన్, స్లావిక్, కెల్టిక్ అన్నిట్లోనూ అక్కడ నాదమున్న ద, గ లే ఉన్నాయి. ఎజెక్టివ్‌లు ఇన్ని శాఖల్లో దేనికది విడిగా నాదాలయ్యాయని నమ్మాలి. బ కొరతకి గొంతు చెప్పే కారణం నాకు నచ్చింది, దాన్ని తోసెయ్యలేను. కానీ ఒక్క అక్షరం లోటు పూడ్చడానికి ఇన్ని శాఖల చరిత్ర తిరగరాయమంటే ఒప్పుకోలేను. బ ముందెప్పుడో వ లోనో మ లోనో కలిసిపోయి ఉండొచ్చు కదా అనే ప్రశ్నకి ఈ సిద్ధాంతం చెప్పేవాళ్ల దగ్గర గట్టి జవాబు నాకు దొరకలేదు.