డిజిటాక్ట్ నుంచి డిజిటాక్ట్ 2కి మారాలా, ఉన్నదాంతోనే నెట్టుకురావచ్చా?

లోఫై_గది:
ఎలెక్ట్రాన్ కంపెనీ డిజిటాక్ట్ (శాంపిళ్లు, అంటే రికార్డు చేసిన సౌండ్ ముక్కలు, వాయించే డ్రమ్ మెషీన్) మొదటి మోడల్ వాడుతున్నాను. ఓఎస్ తాజాదే. 2024లో వచ్చిన డిజిటాక్ట్ 2 మీదికి మనసు పోతోంది. నాకు అడ్డం పడుతున్నవి మూడు: ట్రాకులు చాలట్లేదు, ప్యాడ్ సౌండ్లు (సాగుతూ ఉండే నేపథ్య స్వరాలు) మోనోలో పల్చబడిపోతున్నాయి, పాట సగంలో ఉండగానే ర్యామ్ నిండిపోతోంది. రెండు మెషీన్లూ బాగా తెలిసినవాళ్లు చెప్పండి. ఫీచర్ల పట్టిక నేనూ చదివాను. అందులో నాకు నిజంగా పనికొచ్చేవి ఏవో తేలట్లేదు.

స్టెప్‌సీక్వెన్స్:
ముందు ట్రాకుల లెక్క చూద్దాం, చాలామంది పొరబడేది ఇక్కడే. పాతదాంట్లో 8 ఆడియో, 8 మిడి (బయటి వాయిద్యాలకి స్వరాల ఆదేశాలు పంపేవి). ఒకదాన్ని ఇంకోదానిగా మార్చలేం. కొత్తదాంట్లో 16 ట్రాకులు, ఏది ఆడియో, ఏది మిడి అన్నది మీ ఇష్టం. అంటే మొత్తం పెరగలేదు, పంపకం మాత్రమే మీ చేతికొచ్చింది. బయటి సింథ్‌లకి 8 మిడి ట్రాకులూ వాడేవాళ్లకి ఆడియోలో ఒక్క ట్రాకు కూడా కలిసిరాదు. మిడి అసలు ముట్టనివాళ్లకి సరిగ్గా రెట్టింపు అవుతుంది. మీరు ఎన్ని మిడి ట్రాకులు వాడుతున్నారో చెప్పండి, సగం జవాబు అక్కడే ఉంది.

ఇంకో విషయం. ట్రాకుకి ఒక్క వాయిసే, అంటే ఒకసారికి ఒక్క స్వరమే, కొత్తదాంట్లోనూ అంతే. మూడు స్వరాలు కలిసి మోగే కార్డు వాయించాలంటే మూడు ట్రాకులు పెట్టాలి, లేదా కార్డునే ఒక శాంపిల్‌గా తీసుకోవాలి. పాలీఫనీ కోసం మారదామనుకుంటే అది అక్కడా దొరకదు.

అవుట్‌పుట్లు కూడా అంతే. రెండిటికీ వెనక మెయిన్ ఎడమ, కుడి మాత్రమే. ట్రాకులు విడివిడిగా కావాలంటే రెండిటికీ ఓవర్‌బ్రిడ్జే (యూఎస్‌బీ మీదుగా ట్రాకులని కంప్యూటర్‌లోకి పంపే ఎలెక్ట్రాన్ సాఫ్ట్‌వేర్) దారి. మిక్సర్‌లోకి కిక్ డ్రమ్ముని వేరుగా పంపాలన్నదే మీ అవసరమైతే పాతదాంట్లోనే కుదురుతుంది: కిక్ ట్రాకుని పూర్తిగా ఎడమకి ప్యాన్ చేయండి, మిగతావన్నీ పూర్తిగా కుడికి. కిక్ డిలే, రివర్బ్ సెండ్లు (ఈ ప్రతిధ్వని ఎఫెక్టులకి పంపే మోతాదులు) సున్నా చేయాలి. మిగతావాటివి కూడా తీసేస్తేనే శుభ్రంగా ఉంటుంది, ఎందుకంటే రివర్బ్ తిరిగొచ్చేది స్టీరియోలో కాబట్టి కిక్ ఛానల్‌లోకి చిందుతుంది. కంప్రెసర్ (పెద్ద శబ్దాలని నొక్కి పట్టేది) కూడా ఆపేయండి. లేదంటే కిక్ పడినప్పుడల్లా రెండో ఛానల్ కుంగుతుంది.

మోనోగ్రామ్:
స్టీరియో గురించి నేను చెప్తాను. పాత డిజిటాక్ట్ స్టీరియో ఫైల్‌ని మోనోగా మార్చేస్తుంది. కోరస్ వేసిన వెడల్పాటి ప్యాడ్లలో ఎడమ, కుడి ఫేజ్ ఎదురెదురుగా ఉన్న భాగాలు కలిపినప్పుడు ఒకదాన్నొకటి తినేస్తాయి. మీరు "పల్చబడటం" అంటున్నది అదే అయ్యుండాలి. అలాంటి సౌండ్లని కలపకండి. డాలో (కంప్యూటర్‌లో సంగీతం రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌లో) ఎడమ ఛానల్ ఒక్కటే తీసి మోనో వేవ్‌గా ఎగుమతి చేసి ఎక్కించండి. వెడల్పు పోతుంది కానీ ఒంటి నిండుదనం నిలుస్తుంది.

నిజంగానే స్టీరియో కావాలంటే రెండు ట్రాకులు ఖర్చు పెట్టాలి. ఎడమ ఫైల్ ట్రాకు 3లో, కుడి ఫైల్ ట్రాకు 4లో, ప్యాన్ ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, ట్రిగ్‌లు (సౌండ్ మోగాలని పెట్టే గుర్తులు) ఒకే స్టెప్పుల్లో. ఇక్కడ దొర్లే తప్పు ఒకటుంది. ట్రిగ్‌కి ప్రాబబిలిటీ, అంటే 50 శాతం లాంటిది, రెండు ట్రాకుల్లోనూ పెడితే రెండూ వేర్వేరుగా పాచికలేస్తాయి. ఒకసారి ఎడమే మోగుతుంది, ఒకసారి కుడే. దానికి మందు ఎన్‌ఈఐ (నైబర్, అంటే పొరుగు ట్రాకు) కండిషన్. ట్రాకు 3లో ప్రాబబిలిటీ పెట్టి, ట్రాకు 4లో అదే స్టెప్‌కి ఎన్‌ఈఐ పెట్టండి. దానికి ముందున్న ట్రాకులో ఆఖరుగా తేలిన కండిషన్ నిజమైతేనే ఇది మోగుతుంది. పొరుగు అంటే ఎప్పుడూ చిన్న నంబరు వైపే. జతని 4, 3గా తిరగేస్తే పనిచేయదు.

ఎల్‌ఎఫ్‌ఓ (సౌండ్ సెట్టింగుని దానంతటదే అటూఇటూ ఊపేది) విషయంలోనూ జాగ్రత్త. ఫ్రీ మోడ్‌లో వదిలేస్తే రెండు ట్రాకుల ఫిల్టర్లూ విడిపోయి తిరుగుతాయి. రెండిట్లోనూ ట్రిగ్ మోడ్ పెట్టండి. ర్యాండమ్ వేవ్ మాత్రం ఏ మోడ్‌లోనూ కలవదు, దాన్ని వదిలేయాల్సిందే.

లోఫై_గది:
మిడి ట్రాకులు రెండే వాడతాను. ఎన్‌ఈఐ కిటుకు బాగుంది, అయితే ఉన్న 8లో రెండు ప్యాడ్‌కే పోతే డ్రమ్ములకి ఇరుకైపోతుంది. ర్యామ్ సంగతి?

వైర్ల_బుట్ట:
లెక్క వేసుకుంటే భయం పోతుంది. రెండూ 16 బిట్, 48 కిలోహెర్ట్జ్. మోనోలో సెకనుకి 96 కిలోబైట్లు. పాతదాంట్లో ప్రాజెక్టుకి 64 ఎంబీ, అంటే మోనోలో దాదాపు పదకొండున్నర నిమిషాలు. కొత్తదాంట్లో 400 ఎంబీ: మోనోలో 72 నిమిషాలు, స్టీరియోలో 36. ప్లస్‌డ్రైవ్ (మెషీన్ లోపలి శాశ్వత నిల్వ) 1 జీబీ నుంచి 20 జీబీకి పెరిగింది.

మరి పదకొండున్నర నిమిషాలు మీకు ఎక్కడ పోతున్నాయో చూడండి. డ్రమ్ హిట్లు ఒక్కోటి అర సెకను, వంద పెట్టినా 5 ఎంబీ దాటవు. తినేది పొడుగు లూపులు, ప్యాడ్లు. ఈ వరుసలో చేయండి.

మొదట, ఏ ప్యాటర్న్‌లోనూ (తిరిగి తిరిగి మోగే స్టెప్పుల వరుసలోనూ) వాడని శాంపిళ్లని ప్రాజెక్టు నుంచి అన్‌లోడ్ చేయండి. వినిచూసి వదిలేసినవన్నీ ర్యామ్‌లోనే కూర్చుని ఉంటాయి. ప్లస్‌డ్రైవ్‌లో కాపీ అలాగే ఉంటుంది కాబట్టి ఏదీ పోదు. కాకపోతే శాంపిల్ లాక్‌తో (ఒక స్టెప్‌కి మాత్రం వేరే శాంపిల్ పెట్టడం) ఒక్క స్టెప్‌లోనే వాడినవి కంటికి కనబడవు, వాటిని తీసేస్తే ఆ స్టెప్ మూగబోతుంది. ఖాళీ చేశాక ప్యాటర్న్‌లన్నీ ఒకసారి వినండి.

తర్వాత, తోకలు కోయండి. ఎక్కించే ముందు డాలో చివరి నిశ్శబ్దాన్ని తీసేసి చిన్న ఫేడ్ ఇవ్వండి. డిజిటాక్ట్‌లో ఎండ్ పాయింట్ జరపడం వల్ల ర్యామ్ మిగలదు. వాడినా వాడకపోయినా ఫైల్ మొత్తం అందులోనే ఉంటుంది.

ఇంకా చాలకపోతే స్పీడు పెంచి ఎక్కించండి. ప్యాడ్‌ని డాలో ఒక ఆక్టేవ్ పైకి, టైమ్‌స్ట్రెచ్ లేకుండా, నిజంగా రెండింతల వేగంతో రెండర్ చేయండి. 8 సెకన్లది 4 సెకన్లవుతుంది. డిజిటాక్ట్‌లో ట్యూన్ మైనస్ 12 పెడితే మళ్లీ అసలు స్వరంలోకి వస్తుంది. దీని ఖరీదు: 12 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా పోతుంది. బాసుకి, కిక్‌కి, మెత్తటి ప్యాడ్లకి తేడా వినబడదు. హైహ్యాట్, షేకర్, గాలి వినబడాల్సిన గొంతు శాంపిళ్లకి మాత్రం వద్దు.

ఇంత చేశాకా నిండితే అప్పుడు అది నిజమైన ఇరుకు.

ప్యాడ్48:
ఈ కిటుకులన్నీ నిజమే, నేనేమీ కాదనను. కానీ ప్రతిదానికీ వెల ఉంది. స్టీరియోకి రెండు ట్రాకులు, ఆ రెండిట్లో ఫిల్టర్ మార్చాలంటే రెండుసార్లు తిప్పాలి, ర్యామ్‌కి ప్రతిసారీ కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తాలి. కంప్యూటర్ లేకుండా కూర్చుందామనే కదా ఇలాంటి పెట్టె కొనేది! ఒక అడ్డంకి ఉంటే దాటేసి వాడుకోవచ్చు. మూడూ ఒకే పాటలో తగిలితే పని నడవదు.

పైగా పట్టికలో చిన్నగా కనబడి చేతిలో పెద్దగా తెలిసేవి వేరే ఉన్నాయి. పాతదాంట్లో ప్యాటర్న్ 64 స్టెప్పులు, అంటే పదహారో స్వరాల్లో 4 బార్లు. కొత్తదాంట్లో 128, 8 బార్లు. పాతదాంట్లో 8 బార్లు కావాలంటే ఆ ట్రాకు స్పీడుని సగం చేయొచ్చు. అప్పుడు ఒక్కో స్టెప్ ఎనిమిదో స్వరం అవుతుంది, మధ్యలో పడేవాటిని మైక్రోటైమింగ్‌తో జరపాలి, ఒకే స్టెప్‌లో రెండు దెబ్బలు కావాలంటే రీట్రిగ్ వాడాలి. బాసుకి, ప్యాడ్‌కి హాయిగా నడుస్తుంది. హైహ్యాట్‌కి చిరాకు.

స్టేజీ మీద వాయించేవాళ్లకి అసలైన తేడా కిట్లు, అంటే సౌండ్ సెట్టింగుల కట్టలు. పాతదాంట్లో సౌండ్ సెట్టింగులన్నీ ప్యాటర్న్‌తో ముడిపడి ఉంటాయి. ఫిల్టర్ తెరిచి ప్యాటర్న్ మారిస్తే, కొత్త ప్యాటర్న్ తన సెట్టింగులతో మొదలవుతుంది. కొత్తదాంట్లో పెర్ఫార్మ్ కిట్ మోడ్‌లో ప్యాటర్న్ మారినా మీ చేతిలోని సౌండ్ అలాగే సాగుతుంది. దీనికి పాతదాంట్లో సరైన ప్రత్యామ్నాయం లేదు. ఫంక్షన్, యెస్ కలిపి నొక్కి తాత్కాలికంగా దాచుకోవడం, ఫంక్షన్, నో కలిపి నొక్కి వెనక్కి రావడం అనేవి ఒక ప్యాటర్న్ లోపలే పనికొస్తాయి.

ఇవి కాక ట్రాకుకి మూడు ఎల్‌ఎఫ్‌ఓలు, కోరస్, మాస్టర్ ఓవర్‌డ్రైవ్, యూక్లిడియన్ సీక్వెన్సర్. బాగుంటాయి, కానీ వీటి కోసమే మారమని చెప్పను.

స్టెప్‌సీక్వెన్స్:
కిట్ల విషయంలో ప్యాడ్48 మాటే సరైనది. లైవ్ వాయిస్తే నా సమాధానం కూడా మారుతుంది. ఇంట్లో పాటలు కట్టి డాలోకి రికార్డు చేసేవాళ్లకి మాత్రం పాతది ఇంకా గట్టిగానే నిలబడుతుంది. ట్రాకులు చాలకపోతే ఓవర్‌బ్రిడ్జ్‌లో 8 రికార్డు చేసి, వాటి మీద ఇంకో 8 వేసుకోవచ్చు.

పంచమం:
ఇదే కొలత ఆడియో ఇంటర్‌ఫేస్‌కీ (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టెకీ) పనికొస్తుందా? స్కార్లెట్ 2ఐ2 మూడో తరం ఉంది, నాలుగో తరం చూస్తున్నాను. మైక్ ఎస్‌ఎం7బి.

వైర్ల_బుట్ట:
పనికొస్తుంది. మూడో తరంలో మైక్ గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచగలదన్నది) 56 డీబీ, నాలుగో తరంలో 69. ఎస్‌ఎం7బికి మామూలుగా మాట్లాడే గొంతుకి 60 డీబీ దాకా కావాలి. అందుకే మూడో తరంలో నాబ్ చివరికంటా తిప్పినా మీటర్ కిందే ఉంటుంది. అయితే ప్రీఆంప్ సొంత రొద రెండిట్లో దాదాపు ఒకటే: మైనస్ 128 డీబీయూ, మైనస్ 127 డీబీయూ. అంటే 24 బిట్‌లో తక్కువ లెవెల్‌తో రికార్డు చేసి, డాలో 8 డీబీ పెంచితే రొద విషయంలో మీకు దక్కేది అదే. చెవుల్లో మానిటరింగ్ చాలట్లేదంటేనో, ఆటో గెయిన్ (లెవెల్ తనే సర్దుకోవడం), క్లిప్ సేఫ్ (సౌండ్ పగలకుండా లెవెల్ తగ్గించడం) కావాలంటేనో మారండి. సౌండ్ శుభ్రపడుతుందని మాత్రం మారకండి.

లేటెన్సీ (సౌండ్ ఆలస్యంగా వినబడటం) గురించి అనుకుంటుంటే ముందు కొలవండి. ఒక కేబుల్‌తో లైన్ అవుట్‌ని లైన్ ఇన్‌లోకి కలిపి, డాలో ఒక క్లిక్ వాయించి రికార్డు చేసి, రెండిటి మధ్య శాంపిళ్లు లెక్కపెట్టండి. ఆ ఇన్‌పుట్ మానిటరింగ్ ఆపేసి ఉండాలి, లేకపోతే ఫీడ్‌బ్యాక్ వస్తుంది. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్ల బఫర్ అంటే ఒక వైపుకి 2.7 మిల్లీసెకన్లు. ఇది ఏ ఇంటర్‌ఫేస్‌లోనైనా ఇంతే. డ్రైవర్, కన్వర్టర్ కలిపేది దాని పైన. బఫర్ 512 దగ్గర పెట్టుకుని పెట్టెని తిట్టుకోవడంలో అర్థం లేదు.

లోఫై_గది:
మీరు చెప్పినట్టు ప్రాజెక్టులు తెరిచి చూశాను. ర్యామ్ సగానికి పైగా వాడని లూపులే, అది తేలిపోయింది. స్టీరియో, ట్రాకులు మాత్రం నిజంగానే ఒకేచోట తగులుతున్నాయి: ప్యాడ్‌కి రెండు, స్టీరియో గొంతుకి రెండు పోతే డ్రమ్ములకి నాలుగే మిగులుతాయి. మిడి రెండు తీసేస్తే కొత్తదాంట్లో 14 ఆడియో. సెకండ్‌హ్యాండ్‌లో కొత్త మోడల్ దొరికితే ఏం చూడాలి? పాతది అమ్మే ముందు ఏం చేయాలి?

ప్యాడ్48:
మీ లెక్క ప్రకారం మారడం సబబే. స్టీరియో శాంపిల్ ఒక్క ట్రాకులోనే కూర్చుంటుంది కాబట్టి ఆ నాలుగు ట్రాకుల పని రెండిట్లో అయిపోతుంది.

కొనేటప్పుడు: ఫంక్షన్ పట్టుకుని ఆన్ చేస్తే స్టార్టప్ మెనూ వస్తుంది, అందులో టెస్ట్ మోడ్ ఎంచుకోండి. అదే మెనూలో ఎంప్టీ రీసెట్, ఫ్యాక్టరీ రీసెట్ కూడా ఉంటాయి. అమ్మేవాళ్ల ప్రాజెక్టులు లోపలే ఉంటే వాటి జోలికి పోకండి. టెస్ట్ తర్వాత చేత్తో కూడా చూడండి. ప్రతి ఎన్‌కోడర్ నాబ్‌నీ నెమ్మదిగా తిప్పుతూ విలువ వెనక్కి గెంతుతోందా, ప్రతి ట్రిగ్ కీ ఒక్క నొక్కుకి ఒక్కసారే పడుతోందా చూడండి. వెనక జాక్‌లలో కేబుల్ పెట్టి కొద్దిగా కదపండి, కరకర వినిపిస్తే జాక్‌లో ఏదో తేడా ఉందన్నమాట. ఇన్‌పుట్లు రెండూ విడివిడిగా పరీక్షించండి. వాటిని చాలామంది చూడరు. యూఎస్‌బీ పోర్టులో కేబుల్ వదులుగా ఊగకూడదు.

అమ్మే ముందు: ట్రాన్స్‌ఫర్ యాప్‌తో ప్రాజెక్టులన్నీ, ప్లస్‌డ్రైవ్ శాంపిళ్లతో సహా, కంప్యూటర్‌లోకి తీయండి. అంతటితో ఆగకండి. పూర్తికాని పాటలన్నిటినీ ఓవర్‌బ్రిడ్జ్‌లో ట్రాకు ట్రాకుగా వేవ్ ఫైళ్లుగా రికార్డు చేసి పెట్టండి. అలా వచ్చే ట్రాకుల్లో డిలే, రివర్బ్ ఉండవు, అవి మెయిన్‌లోనే ఉంటాయి. ఎఫెక్టులు కూడా విడిగా కావాలంటే ఆడియో రూటింగ్‌లో రూట్ టు మెయిన్ ఆపి, సెండ్ టు ఎఫ్ఎక్స్ ఉంచండి. అప్పుడు మెయిన్‌లో తడి సౌండ్ (ఎఫెక్టులు మాత్రమే) ఒక్కటే పడుతుంది.

వైర్ల_బుట్ట:
ఒక్కటి కలుపుతున్నాను. రికార్డు చేసేటప్పుడు డా సెషన్ 48 కిలోహెర్ట్జ్‌లో ఉండాలి. 44.1లో తెరిచి ఉంటే అనవసరంగా రేటు మార్పిడి జరుగుతుంది. యూఎస్‌బీ కేబుల్‌ని హబ్‌లో కాకుండా నేరుగా కంప్యూటర్‌కే పెట్టండి. ప్రతి ఫైల్ పేరులో టెంపో, ప్యాటర్న్ నంబరు రాసుకోండి: ఏ03_84_కిక్ అన్నట్టు. పాతది అమ్మేశాక ఆ టెంపో వెతకడానికి వేరే చోటు ఉండదు.

లోఫై_గది:
సరే. ముందు ఓవర్‌బ్రిడ్జ్ రికార్డింగులు, తర్వాతే బేరం. రూట్ టు మెయిన్ ఆపినప్పుడు కంప్రెసర్ ఉంచాలా, తీసేయాలా?

ప్యాడ్48:
తీసేయండి. అది మెయిన్ మీద కూర్చుంటుంది కాబట్టి మెయిన్‌లో రివర్బ్ తోకలొక్కటే ఉన్నప్పుడు వాటినే నొక్కి పెంచుతుంది, మిక్స్‌లో విన్నట్టు ఉండదు. కంప్రెసర్ ఉంచి మామూలు రూటింగ్‌తో పూర్తి స్టీరియో మిక్స్ కూడా ఒకటి తీసి పెట్టుకోండి. కొత్తదాంట్లో మళ్లీ కట్టేటప్పుడు పోల్చి చూసుకోవడానికి అదే కావాలి.