పది నిమిషాలకే ఎండిపోయే పీజోమీటర్‌లో మూడు వాల్యూమ్‌లు ఎలా తోడాలి?

గాజువాక_జియో:
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ జియాలజీ అయ్యాక ఇక్కడే వైజాగ్‌లో ఒక చిన్న కన్సల్టెన్సీలో చేరి ఎనిమిది నెలలైంది. గాజువాక వైపు ఒక సైట్‌లో నాలుగు పీజోమీటర్లున్నాయి (భూగర్భ నీటిమట్టం చూడ్డానికి, శాంపిల్ తియ్యడానికి వేసిన బోర్లు), మూడు నెలలకోసారి నీళ్లు తీసి ల్యాబ్‌కి పంపాలి. మూడింటితో గొడవ లేదు, నాలుగోదే ప్రాణం తీస్తోంది. లోతు 18 మీటర్లు, నాలుగంగుళాల పైపు, మొన్న చూస్తే నీళ్లు 6.4 మీటర్ల దగ్గర తగిలాయి. పంపు వేస్తే పది నిమిషాల్లో గాలి పీల్చేస్తోంది, మళ్లీ సగం నిండాలంటే మూడు నాలుగు గంటలు. ఫారంలో మాత్రం "మూడు కేసింగ్ వాల్యూమ్‌లు తోడారా, అవును/కాదు" అని ఒకటే గడి, అంటే పైపులో నిలవున్న నీళ్లకి మూడింతలు. సార్‌ని అడిగితే అవునని టిక్కు పెట్టేయ్ ఎవడు చూస్తాడు అన్నారు. నాకేమో చెయ్యి రావట్లేదు. అదే రోజు అక్కడే మట్టి శాంపిళ్లు కూడా తియ్యాలి, దానికి నలుగురూ నాలుగు రకాలు చెప్తున్నారు.

పాతబోరు:
టిక్కు పెట్టకు తమ్ముడూ. ముందు లెక్క చూద్దాం. 18 లోంచి 6.4 తీసేస్తే 11.6 మీటర్ల నీళ్లు, లోపలి వ్యాసం నాలుగంగుళాలైతే మీటరుకి సుమారు 8.1 లీటర్లు, అంటే పైపులో 94 లీటర్ల దాకా ఉన్నాయి, దానికి మూడింతలంటే 280 పైనే. ఆ బోరు అంత ఇవ్వదు, నువ్వెంత కూర్చున్నా ఇవ్వదు. మన వైపు కొండలు చాలావరకు ఖొండలైట్ రాయే కదా, అది కుళ్లి బంకమట్టయిపోయిన పొరలో పైపు దిగుంటే నీళ్లు చెమ్మలా ఊరుతాయి తప్ప పారవు.

అసలు మూడనే అంకె ఎందుకు? పైపులో నెలల తరబడి నిలవున్న నీళ్లకి గాలి తగిలి పీహెచ్ మారుతుంది, ఇనుము తుప్పై అడుక్కి దిగుతుంది, అవి పోయి పొరలోంచి కొత్త నీళ్లు రావాలనే. నెమ్మదిగా ఊరే బోరుకి ఆ లెక్క పట్టుకోకూడదు. ముందు పంపు బాగా తగ్గించి చూడు, నిమిషానికి 100 నుంచి 500 మి.లీ. లోపు, పంపు నోరు చిల్లుల పైపు మధ్యలో పెట్టి. మట్టం 10 సెంటీమీటర్లకి మించి దిగకుండా ఉంటే ఐదేసి నిమిషాలకి రీడింగ్ తీసుకో, వరసగా మూడు రీడింగుల్లో పీహెచ్ 0.1 లోపు, ఈసీ (నీటి విద్యుత్ వాహకత) మూడు శాతం లోపు, కరిగిన ఆక్సిజన్ పది శాతం లోపు కదిలితే సీసా పట్టేయొచ్చు. 100 దగ్గర కూడా దిగిపోతుంటే ఒక్కసారి ఎండగట్టి వదిలెయ్, సీసాలకి సరిపడా ఊరగానే తియ్యి, 24 గంటలు దాటనివ్వకు. ఎన్ని లీటర్లొచ్చాయి, ఎన్ని గంటలకి ఎండింది, తీసేటప్పుడు మట్టం ఎంత, అన్నీ రాయి.

ల్యాబ్_అక్క:
పాతబోరు గారూ ఒక్క మాట. వీఓసీలు (పెట్రోలు లాంటి వాటిలో ఉండే, తేలిగ్గా ఆవిరైపోయే రసాయనాలు) కూడా తియ్యాలంటే ఎండగట్టొద్దండి, ఊరే నీళ్లు చిల్లుల్లోంచి జలజల రాలుతుంటే అవి గాలిలోకి పోతాయి, రిపోర్టులో ఏమీ లేవని వస్తుంది, అందరూ సంతోషిస్తారు. దానికి పంపులో, ట్యూబులో నిలవున్న నీళ్లు మటుకే వదిలేసి మెల్లగా 40 మి.లీ. వయల్ (చిన్న గాజు సీసా) నింపెయ్ బాబూ, బుడగ ఉండకూడదు, మూత బిగించి తిరగేసి చూసుకో.

ఇంకోటి, మెటల్స్ సీసా. నీ నాలుగో బోరు నీళ్లు బురదగా ఉంటాయని చెప్పకుండానే తెలుస్తోంది. కరిగున్న మెటల్స్ కావాలంటే 0.45 మైక్రాన్ ఫిల్టర్ అక్కడే సైట్‌లో పట్టి, ఆ తర్వాతే నైట్రిక్ యాసిడ్ వేసి పీహెచ్ 2 కిందకి తేవాలి. బురద మీద యాసిడ్ పోస్తే బంకమట్టిలో ఇనుము, అల్యూమినియం నీళ్లలోకి దిగుతాయి, ఆ అంకెలు చూసి మీ సారు గుండె పట్టుకుంటారు. ఆ యాసిడ్ నైట్రేట్ సీసాలో పడకూడదు. ఒకసారి మా దగ్గరికి అలాగే వచ్చింది, నైట్రేట్ వేలల్లో, పొరపాటు కనుక్కునేసరికి సాయంత్రమైంది. ఐసు పెట్టె ఎప్పుడూ ఉండాలి. ఫిషింగ్ హార్బర్ ఐసు అలాగే పోసేస్తారు కొందరు, కరిగి లేబుళ్లన్నీ చెరిగిపోతాయి, కవర్లో కట్టి పెట్టు, చెరగని మార్కర్‌తో రాయి.

గాజువాక_జియో:
అక్కా థాంక్సండీ, యాసిడ్ సంగతి మాకెవరూ చెప్పలేదు, సీసాలో ముందే పోసిచ్చేవాళ్లు. అన్నా, శుభ్రమైన బోరు నుంచి మురికి బోరుకి వెళ్లాలంటారు కదా, ఈ నాలుగోదే మురికిది, చివర్లో మొదలుపెడితే రాత్రయిపోతుంది.

పాతబోరు:
దానికి విడిగా ఒక బెయిలర్ (తాడుతో దించి నీళ్లు తోడే గొట్టం), విడిగా ట్యూబు పెట్టేసుకో, ఇంకో బోరులో దించొద్దు. పొద్దున్నే నాలుగింటి మట్టాలూ వెంటవెంటనే కొలిచెయ్, ఒడ్డుకి దగ్గరైతే ఆటుపోట్లకి మట్టం కదులుతుంది, ఒకటి ఏడింటికి ఒకటి మధ్యాహ్నం కొలిస్తే పోల్చడానికి పనికిరాదు. కేసింగ్ అంచున పెయింట్ గుర్తు పెట్టి ఎప్పుడూ అక్కడినుంచే కొలవాలి. బోరుబోరుకీ టేపు సబ్బు నీళ్లతో, ఆపైన డిస్టిల్డ్ నీళ్లతో కడుగు. తర్వాత నాలుగోది ఎండగట్టి మిగతా మూడూ చూసుకుని మధ్యాహ్నానికి తిరిగి రా.

ఎర్రమట్టి_రైతుబిడ్డ:
మట్టి గురించి నేను చెప్తా. ఎరువుల సిఫార్సుకైతే వి ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంత తీసి, పది పదిహేను చోట్ల మట్టి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి పారేసుకుంటూ అరకిలోకి తెస్తాం. నువ్వు ఆ పద్ధతి పట్టుకుపోకు. కాలుష్యం వెతికేటప్పుడు కలిపేస్తే పాడైన చోటు బాగున్న మట్టిలో కలిసిపోతుంది, ఏ చోటుది ఆ చోటుగా, ఏ లోతుది ఆ లోతుగా విడిగా తియ్యాలి. జింక్ చూసేటట్టయితే జీఐ (జింక్ పూత పూసిన ఇనుము) తట్టా, జీఐ పారా ముట్టుకోకు, స్టీలువి వాడు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది అది అక్కడి మట్టేనా అని. మన ఊళ్లో పల్లం కనిపిస్తే చాలు ఎక్కడో కొండ తవ్విన గ్రావెల్ లారీల్లో తెచ్చి పోసేస్తారు. పైన మీటరున్నర అదే ఉంటే నువ్వు తీసేది వేరే కొండ శాంపిల్. పోల్చడానికి బయట తీసే మట్టి కూడా అదే రకంది కావాలి, లేకపోతే తేడా కాలుష్యానిదో మట్టిదో తేలదు.

గాజువాక_జియో:
అయ్యబాబోయ్, ఆ సైట్ పైన అంతా గ్రావెలే! పోయినసారి 30 సెంటీమీటర్ల శాంపిళ్లన్నీ అందులోంచే తీశా. సోమవారం ఆగర్ (లోతు మట్టి తీసే మర లాంటి పనిముట్టు) పట్టుకెళ్తా. ఫారంలో "కాదు" కొట్టి లీటర్లూ గంటలూ వెనక పేజీలో రాస్తా, ముందు ఎలాగూ చోటు లేదు.