‘వెళ్ళొస్తా’: ‘పోతా’ అనకూడదనే పుట్టిందా?

‘పోవడం’ అంటే చనిపోవడం అనే అర్థం కూడా ఉంది కాబట్టి, ఆ అపశకునం తప్పించడానికే ‘వెళ్ళొస్తా’ వచ్చిందని చాలామంది చెబుతారు. నన్నడిగితే ఇది సగం సమాధానమే. తెలంగాణలో ‘పోయొస్తా’ అంటారు కదా! అందులో ‘పో’ నిక్షేపంగా ఉంది, అయినా ఎవరికీ చెడుగా తోచదు. వెనకాల ‘వస్తా’ ఉంటే చాలు.

వాక్యం కట్టు చూడండి. ‘వెళ్ళి’ అసమాపక క్రియ, ‘వస్తాను’ సమాపక క్రియ. అంటే గడప దాటే మనిషి చెప్పే అసలు మాట ‘వస్తాను’. అందుకే వెళ్ళడం ఊసే లేకుండా ‘వస్తా మరి’ అన్నా సరిపోతుంది. తమిళుల ‘పోయిట్టు వరేన్’, కన్నడిగుల ‘హోగి బర్తీని’ అచ్చంగా ఇలాంటివే. మరాఠీలో ‘యేతో’, బెంగాలీలో ‘ఆశి’ అని సెలవు తీసుకుంటారు. ఆ రెండింటికీ అర్థం ‘వస్తాను’ అనే. కాబట్టి ఇది ద్రావిడ భాషలకే పరిమితం అనడానికీ లేదు.

సంధి సంగతి నాకు మరీ ఇష్టం. ‘క్త్వార్థంబైన యిత్తునకు సంధి లేదు’ అని చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రం. అంటే ‘వెళ్ళి’ లాంటి అసమాపక క్రియల చివరి ఇకారానికి, వెనకాల అచ్చు వచ్చినా సంధి జరగదు. ఆ లెక్కన గ్రాంథికంలో ‘వెళ్ళి వచ్చెదను’ అని విడిగా ఉండాల్సిందే. నోటిమాటలో మాత్రం ‘వస్తా’ కాస్తా ‘ఒస్తా’ అవుతుంది, దాని ముందు ‘వెళ్ళి’లోని ఇకారం నిలవదు. చూసొస్తా, అడిగొస్తా, తినొస్తా అన్నీ ఈ దారినే వచ్చాయి.

ఇంత అరిగిన మాటలో అర్థం ఇంకా మిగిలి ఉందా అంటే, చావు జరిగిన ఇంటికి పలకరింపుకు వెళ్ళినప్పుడు గమనించండి. లేచేటప్పుడు ‘వెళ్ళొస్తాం’ అనరు. చాలామంది ఏమీ చెప్పకుండానే బయటికి వచ్చేస్తారు. అలాంటి పని మీద ఆ ఇంటికి మళ్ళీ రావాలని ఎవరు కోరుకుంటారు? ఉత్త మర్యాద మాటే అయితే అక్కడ నోరు ఆగాల్సిన పని లేదు.

‘ఉంటాను’ మాత్రం వేరే దారి. ఉత్తరం చివర ‘ఇక ఉంటాను’ అని రాసేవాళ్ళం, ఇప్పుడు ఫోన్ పెట్టేసే ముందు ‘ఉంటా మరి’ అంటున్నాం. రెండు చోట్లా మనిషి కదిలేది లేదు కాబట్టి వెళ్ళడం, రావడం పొసగవు. మీ వైపు ఎదురుగా ఉన్న మనిషి దగ్గర సెలవు తీసుకునేటప్పుడు కూడా ‘ఉంటాను’ అంటారా? ఏ ప్రాంతమో కూడా రాయండి.