సమస్య: "చచ్చినట్టివాఁడు సర్దె టైని"

నిర్వాహకుడు: ఈ వారం సమస్య పైన ఉంది. విదేశీ సీరియళ్ళ మీదే పూరించాలి. కథ చెప్పి చేతులు దులుపుకుంటే కుదరదు, నటన కనబడాలి. "టై" తెలుగేనా అని తగువుకొచ్చేవారు వచ్చే వారం రండి.

గోదారిగట్టు: ఇది ఎవరి మీదో చూడగానే తెలిసిపోతోంది కాబట్టి ముందే వేసేస్తున్నా.

గంట మోగ మోగ గది తలుపెగిరెను
పొగను దాటి వచ్చె పొందికగను
చావలేదనుకొన సగము మొగము లేదు
చచ్చినట్టివాఁడు సర్దె టైని

బ్రేకింగ్ బ్యాడ్ నాలుగో సీజను చివరి భాగం, 2011 అక్టోబరు. డ్రగ్స్ వ్యాపారి గస్ పాత్రలో జియాన్‌కార్లో ఎస్పొజిటో. ముసలి శత్రువు హెక్టర్ చక్రాల కుర్చీ గంట కొడితే దానికి కట్టిన బాంబు పేలి గస్ చస్తాడు. ఆ టై అప్పటికప్పుడు పుట్టిన చమత్కారం కాదు. అదే సీజను మొదటి భాగంలో తన ల్యాబులో డ్రగ్స్ వండే వాల్టు, జెస్సీ చూస్తుండగా కోటు విప్పి, రక్షణ సూటు తొడుక్కుని, తన అనుచరుడు విక్టర్ గొంతు కోసి, కడుక్కుని, మళ్ళీ తీరుబడిగా బట్టలు సర్దుకుంటాడు. పనిలోకి వెళ్ళమని చివర్లో ఒక్క ముక్క, అంతే. ఈ అలవాటు మనకు ముందే ఎక్కింది కాబట్టే ప్రాణం పోతున్నా చెయ్యి టై మీదకు పోవడాన్ని నమ్ముతాం.

కందోత్పల: మూడో పాదం బాగుంది గట్టుగారూ. "చావలేదనుకొన"కీ "సగము మొగము"కీ మధ్య కెమెరా తిరిగినట్టే పద్యమూ తిరిగింది. "వచ్చె పొందిక" మాత్రం "వచ్చెఁ బొందిక" కావాలి. ఇది మీకు ఎన్నోసారి చెప్పడమో!

అసలు లోపం మొదటి పాదంలో ఉంది. ఆ సన్నివేశాన్ని మోసినవాడు గస్ కాదు, హెక్టర్‌గా వేసిన మార్క్ మార్గోలిస్. పక్షవాతం పాత్ర, మాట లేదు, గంటతోనే బదులు. తనవైపు చూడమని గస్ ఎంత అడిగినా తల ఎత్తనివాడు చివరికి ఎత్తుతాడు. ఆ చూపులో ముందు నీరసం, తర్వాత కసి. గస్‌కి విషయం అర్థమయ్యేదీ ఆ చూపుతోనే. గంట ఆ తర్వాత. 2012లో అతిథి నటుడిగా అమెరికా టీవీ అవార్డు ఎమ్మీకి నామినేషన్ వచ్చింది కూడా. చూపు లేకుండా గంట మోగిస్తే ఎలా?

కనులు కలిపి ముసలి గంట కొట్టఁగఁ బేలె

ఇలా మార్చి చూడండి.

గోదారిగట్టు: ఈగను వాల్టు చేత చంపించినవారు నాకు బ్రేకింగ్ బ్యాడ్ పాఠం చెప్తున్నారు! డ్రగ్స్ ల్యాబులో ఈగ దూరిన భాగం మీద మీ "ఈగ దూర వంట యింక నిలిచె" పూరణ మరిచిపోయామనుకున్నారా? కొట్టింది జెస్సీ. వాల్టు కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు.

కందోత్పల: ఆ భాగం బలమంతా ఈగను ఎవరు కొట్టారన్నదాంట్లో లేదు లెండి. నిచ్చెన పట్టుకున్న మనిషి మగతలో, జెస్సీ ప్రియురాలు జేన్ చస్తుంటే తాను చూస్తూ ఊరుకున్న సంగతి నోరు జారేలా ఉండటంలో ఉంది. వాల్టుగా వేసిన క్రాన్‌స్టన్ మాట తడబడుతున్నకొద్దీ మనం కుర్చీ అంచుకు వస్తాం. ఖర్చు తగ్గించడానికి ఒక్క ల్యాబులోనే తీసిన భాగం అది, 2010.

నిర్వాహకుడు: ఈగ దారం ఈగకే వదలండి. తర్వాతి పూరణ?

చికాగో చకోరం: అందరూ గస్ దగ్గరే ఆగుతారని తెలుసు. నాది మ్యాడ్ మెన్, యుద్ధంలో చచ్చిన డాన్ పేరు పెట్టుకుని ప్రకటనల కంపెనీలో బతికే డిక్కు కథ.

కొరియ యుద్ధమందుఁ గూలెఁ దాననిపించి
పరుని పేరు మోసి పట్న మేఁగి
డిక్కు పోయె, డాను డెస్కు చొక్కా తీసి
చచ్చినట్టివాఁడు సర్దె టైని

గోదారిగట్టు: భలే! సైన్యం లెక్కలో చచ్చింది డిక్కు. నిజంగా చచ్చింది అసలు డాన్ డ్రేపర్. పేరును బట్టి చూసినా చచ్చినవాడే, రికార్డును బట్టి చూసినా చచ్చినవాడే. మొదటి భాగంలో సొరుగు తెరిస్తే కనబడే తెల్లచొక్కాల దొంతర కూడా పద్యంలోకి వచ్చేసింది. "కూలెఁ దాననిపించి" దగ్గర కాస్త నలిగింది, పోనిద్దురూ.

కందోత్పల: అంతా బాగుంది, ఆ పాత్ర వేసిన జాన్ హామ్ ఏడీ? మొదటి సీజను చివర కొడక్ స్లైడ్ల సన్నివేశం చూడండి. సొంత పెళ్ళాం బిడ్డల బొమ్మలు చూపిస్తూ సరుకు అమ్ముతాడు. తోటి ఉద్యోగి హ్యారీ ఏడుపు ఆపుకోలేక బయటికి పోతాడు గానీ హామ్ గొంతు ఒక్క మెట్టు కూడా పెరగదు. మన సీరియల్లో అయితే అదే మొహాన్ని ఉరుములతో మూడుసార్లు చూపించేవాళ్ళు. ఈ పాత్రకు ఎమ్మీ రావడానికి 2015 దాకా, ఎనిమిదో నామినేషన్ దాకా ఆగాల్సి వచ్చింది.

శ్రావణమేఘం: శవసంస్కారాల వ్యాపారం చేసే కుటుంబం కథ సిక్స్ ఫీట్ అండర్ మీద నాదొకటి.

బస్సు గుద్ద శవపు బండిలో మరణించె
కొడుకు కలలలోన కూర్చొని యుండె
శవము పక్క నిలిచి సణుగుచుఁ దండ్రియే
చచ్చినట్టివాఁడు సర్దె టైని

పాలమూరు పిడుగు: మేఘమక్కా, రెండో పాదం తోక చూడు. "నియుండె" జగణం, ఆటవెలదిల దానికి జాగా లేదు. "కూరుచుండె" అంటే సాఫుగ నడుస్తది. ఇంకోటి, ఆ తండ్రి కలలల్ల రాడు, అందరూ మెలకువతోనే ఉండంగ పక్కకొచ్చి కూసుంటడు. తండ్రి ఏషం ఏసిన రిచర్డ్ జెంకిన్స్ దయ్యం లెక్క చెయ్యడు, పక్కింటాయన లెక్క మాట్లాడుతడు. అందుకే ఆ పాత్ర నిలబడ్డది.

ఇగ నాది, బెటర్ కాల్ సాల్ల వకీలు సాలు మీద.

రంగు రంగు సూటు రాజిల్లఁ గోర్టులో
సాలుగారి వాదు సాగుచుండె
జడ్జి తిట్టెఁ గాని చలియింపఁడే! సిగ్గు
చచ్చినట్టివాఁడు సర్దె టైని

నిర్వాహకుడు: సిగ్గు! చావు సమస్యను సిగ్గు మీదకు నెట్టేసి శవాన్ని బతికించాడయ్యా పిడుగు. ఈ వారానికి నాకు ఇదే ముందు.

చికాగో చకోరం: విరుపు అద్భుతం, ఒప్పుకోక తప్పదు. సాలుగా వేసిన బాబ్ ఓడెన్‌కర్క్‌కి సరిపోయింది కూడా. 2018లో వచ్చిన నాలుగో సీజను చివర, చచ్చిపోయిన అన్న పేరు చెప్పి వకీలు లైసెన్సు బోర్డు ముందు ఏడ్చి, బయటికి రాగానే నవ్వుతాడు. అతని మొహం కన్నా ప్రియురాలు కిమ్‌గా వేసిన రియా సీహార్న్ మొహం చూడాలి అప్పుడు. నమ్మి కన్నీళ్ళు పెట్టుకున్న మనిషి మోసపోయానని తెలుసుకోవడాన్ని ఒక్క మాట లేకుండా చేసింది. 53 నామినేషన్లు, ఒక్క ఎమ్మీ లేదు ఆ సీరియల్‌కి.

కందోత్పల: విరుపుకు దండం. కానీ జడ్జి తిట్టేది 2022 చివరి భాగంలోని కోర్టు అయితే రెండు చిక్కులు. ఒకటి, అక్కడ సిగ్గు చావదు, లేచి కూర్చుంటుంది. 7 ఏళ్ళకు కుదిరిన బేరాన్ని చేజేతులా చెడగొట్టుకుని 86 ఏళ్ళు వేయించుకుంటాడు. సాల్ అనే పెట్టుడు పేరు కూడా వదిలి అసలు పేరు మెక్‌గిల్ అని దిద్దుతాడు. రెండు, ఆ కోర్టు మొత్తం నలుపు తెలుపు. రంగు రంగు సూటు ఎక్కడిది?

నలుపు తెలుపు సూటు నప్పిన కోర్టులో

పాలమూరు పిడుగు: ఉత్పలగారూ, నా కోర్టు ఆఖరి కోర్టు కాదు, అంతకుముందు సాలు దినాం తిరిగిన కోర్టు. సూటు మార్చ. మీరు ముందుగాల ఈగ సంగతి సూడుండ్రి.