సమస్యాపూరణం: "ఇప్పు డనుట కర్థ మిపుడు కాదు"

నిర్వాహకుడు, హన్మకొండ:
ఈ వారం సమస్య, అంటే పై మూడు పాదాలు రాసి మీరు పూరించాల్సినది, ఆటవెలది పద్యంలో నాలుగో పాదం. "ఇప్పు డనుట కర్థ మిపుడు కాదు". మూడో పాదం ద్రుతంతో, అంటే చివరి నకారంతో, ముగిస్తే "నిప్పు డనుట" అని, లేకుంటే "యిప్పు డనుట" అని మొదలుపెట్టుకోండి, యతికి (పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ కుదరాల్సిన పొత్తుకు) ఢోకా లేదు. షరతు ఒక్కటే, పూరణ స్పానిష్ మాట మీద ఉండాలి. మనలో కొందరు స్పానిష్ నుంచి ఇంగ్లీషులోకి అనువాదాలు చేస్తున్నారు, వాళ్లకు టెన్షన్ పెట్టేది పెద్ద పెద్ద మాటలు కాదు, ఇప్పుడు, ఇంకా, ఇగ లాంటి చిన్న అవ్యయాలే.

కాజీపేట అన్న:
అడుగ మెక్సికోన నఒరీత యందురు
గంట గడచిపోవు గడప దాట
నౌ యటన్న మాట నవ్వుల పాలయ్యె
నిప్పు డనుట కర్థ మిపుడు కాదు

నిర్వాహకుడు:
మంచి మాట పట్టుకున్నారు అన్నా. "అఒరీత" సలంగా (రెండు లఘువులు, గురువు, లఘువు ఉన్న గణంగా) కుదిరింది, స్వరయతి (అచ్చుల పొత్తు) కూడా సరిగ్గా పడింది. "అఓరా" అంటే ఇప్పుడు, దానికి చిన్నతనం చూపే "ఇతా" చేరితే అఒరీతా, అంటే లెక్కప్రకారం ఇంకా దగ్గరి ఇప్పుడు కావాలి. కానీ మెక్సికోలో అది ఈ క్షణమే కావచ్చు, కాసేపాగి కావచ్చు. ప్యూర్టోరికోలో, డొమినికన్ రిపబ్లిక్‌లో అయితే మామూలుగా తర్వాత అనే. ఇంగ్లీషులో రాసేవాళ్లు రైట్ నౌ, ఇన్ ఎ బిట్, లేటర్ మూడింట్లో ఏదో ఒకటి తేల్చుకోవాలి, అందుకు మాట్లాడేది ఏ దేశపు మనిషో ముందు తెలియాలి. మూడో పాదం మాత్రం ఒప్పుకోను. ఆస్పత్రిలో నర్సు అఒరీతా అంటూ ఉరికితే అది నిజంగానే నౌ, అక్కడ నవ్వులపాలు ఏముంది? "నమ్మగా రాదయ్యె" అంటే గణాలూ కుదురుతాయి, నిజమూ నిలుస్తుంది.

ములుగు నుంచి:
కాజీపేటలో బస్సు ఎక్కకముందే ఫోన్లో "ఇగొచ్చిన, చౌరస్తాల ఉన్న" అనే వాళ్లం మనం. ఆ "వచ్చిన"ను భూతకాలంలో అనువదిస్తే ఎట్లుంటదో, అఒరీతాను ఎప్పుడూ నౌ అని రాస్తే అట్లనే ఉంటది.

భూపాలపల్లి టీచరమ్మ:
యా యటన్న చిన్న యవ్యయమును జూడు
జరిగి పోయె ననిన జాడ దెలుపు
కాదు తోడఁ గలియ గతమయి పోవు నీ
యిప్పు డనుట కర్థ మిపుడు కాదు

నిర్వాహకుడు:
టీచరమ్మా, ఇది అసలు పూరణ. "యా"కు ఇప్పుడు అనే అర్థం ఉంది, అయినా "యా కొమీ" అంటే తినేశాను, ఇంగ్లీషులో ఆల్రెడీ. "యా వెరేమోస్" అంటే చూద్దాంలే, అది భవిష్యత్తు. "యా నో" అంటే నో లాంగర్. మీ పద్యంలో అర్థాలు రెండే వచ్చాయి, భవిష్యత్తుది వదిలేశారు, ఆటవెలదిలో అంతకన్నా పట్టదు కూడా. దీని పక్కన "తొదవీయా నో" పెట్టి చూడండి. "యా నో వియెనె" అంటే ఇగ రాడు, "తొదవీయా నో వియెనె" అంటే ఇంకా వస్తలేడు. రెంటిలోనూ "నో" కనిపిస్తుంది కాబట్టి తొందరలో ఒకటే అనుకుంటారు, ఒకదానిలో ఆశ తెగిపోయింది, ఇంకోదానిలో మనిషి దారి చూస్తూనే ఉన్నాడు. ఇది తప్పితే కథంతా తిరగబడుతుంది. "కాదు తోడ"లో కూడా కాదు కన్నా లేదు అనడం అర్థానికి దగ్గర, కానీ అక్కడ "లేదు" పెడితే యతి పోతుంది, కాబట్టి మీరు చేసిందే సరి.

జనగామ విద్యార్థి:
మాపు గడచి వచ్చు మన్యాన పొద్దౌను
రేపు నదియె యగును రెంటి కొకటె
చేయ ననగ మొగము చెల్లక రేపను
నిప్పు డనుట కర్థ మిపుడు కాదు

నిర్వాహకుడు:
మొదటి రెండు పాదాలు బాగా నడిచినయ్ తమ్మీ. మన్యానా నామవాచకమైతే పొద్దున, అవ్యయమైతే రేపు, అందుకే రేపు పొద్దున అనాలంటే "మన్యానా పొర్ లా మన్యానా" అంటారు. లింగం మార్చి "ఎల్ మన్యానా" అంటే రాబోయే కాలం. మన పాత తెలుగులోనూ రేపు అంటే తెల్లవారడమే, తెల్లవారుజామును చెప్పే రేపకడ ఆ రేపులోంచి వచ్చిన మాటే, అది పద్యంలోకి తెస్తే ఇంకా బాగుండేది. సమస్యతో మాత్రం ముడి పడలేదు. రేపు అంటే ఇప్పుడు కాదని ఎవరైనా చెప్తారు, ఇప్పుడు అన్నదే ఇప్పుడు ఎందుకు కాదో చెప్పాలి.

భూపాలపల్లి టీచరమ్మ:
పిల్లవాడు పొద్దు దగ్గరికి వచ్చాడు కాబట్టి ఇంకొకటి. "మద్రుగాదా" అని వాళ్లకో నామవాచకం ఉంది, అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా ఉన్న సమయం. ఇంగ్లీషులో వాడుకలో దానికి ఒక్క మాట లేదు, స్మాల్ అవర్స్ అనో, త్రీ ఇన్ ది మార్నింగ్ అనో సర్దుకుంటారు. మన దగ్గర "మబ్బుల లేచిన" అంటాం కదా, మొత్తం కాకున్నా దాని చివరి భాగం అదే. మబ్బుల చీకటి ఉంటది, ఇంగ్లీషు మార్నింగ్‌లో ఆ చీకటి రాదు.

నిర్వాహకుడు:
ఈ వారం మెప్పు టీచరమ్మకే. జనగామ తమ్ముడు మూడో పాదం మార్చి మళ్లీ పంపాలి, నేను చూస్తా. వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలదే: "చేప బతికి యుండఁ జేప గాదు". స్పానిష్‌లో చేపకున్న పెస్, పెస్కాదో అనే రెండు మాటల తేడా తెలిసినవాళ్లు రెండు రోజులు ఆగి పంపండి, మిగతావాళ్లను కాస్త వెతుక్కోనీయండి.