పాస్టరుకు ఉద్యోగి హక్కులు ఉండాలా? బ్రిటన్ తీర్పులపై చర్చ

అయ్యగారి అమ్మాయి (లీడ్స్):
మెథడిస్టు పాస్టరును ఉద్యోగిగా గుర్తించడానికి బ్రిటన్ సుప్రీంకోర్టు 2013 మే నెలలో నిరాకరించింది. కార్న్‌వాల్‌లోని రెడ్రూత్‌లో పనిచేసిన హేలీ ప్రెస్టన్ 2009లో రాజీనామా చేశారు. తనంతట తానే వెళ్లిపోయే పరిస్థితి కల్పించారని ఉద్యోగ వివాదాలు విచారించే ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఐదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు అసలు ఒప్పందమే లేదన్నారు. భృతి, ఇల్లు ఆమె పోషణకు ఇచ్చినవే గాని పనికి ప్రతిఫలం కావన్నారు. ఐదో న్యాయమూర్తి లేడీ హేల్ ఒక్కరే విభేదించారు. నాకు ఆవిడ మాటే న్యాయంగా తోస్తుంది. పిలుపు దేవునిదే. కానీ బదిలీ కాగితం మీద సంతకం మనిషిది. ఆ మనిషి అన్యాయం చేస్తే చెప్పుకునే చోటు ఉండాలి.

నర్సాపురం సంఘ పెద్ద:
అమ్మా, జీతగాడు తోడేలును చూసి పారిపోతాడని ప్రభువే చెప్పాడు. కాపరికి పనిగంటలు రాసిస్తే, అర్ధరాత్రి ఆసుపత్రికి ప్రార్థనకు పిలిచినప్పుడు ఎవరు వస్తారు? ఇంకొకటి. బోధ తప్పిన పాస్టరును తొలగిస్తే, ఆ బోధ సరైనదో కాదో లేబర్ కోర్టు తేల్చాలా?

హైదరాబాదు లాయరు:
పెద్దలు అడిగిన రెండో ప్రశ్న గట్టిది. దానికి చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ఒక దారి వెతికింది. 2011 జనవరి 31 నుంచి అక్కడ ‘కామన్ టెన్యూర్’ పద్ధతి ఉంది. ప్రీస్టులను ఉద్యోగులనలేదు. అయినా షరతులు రాతలో ఇస్తారు, ఏడాదికి 36 రోజుల సెలవు, వారానికొక విశ్రాంతి దినం ఉంటాయి. సామర్థ్యం లేదని తొలగిస్తే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. బోధ మీద తగాదా అక్కడికి రాదు.

అంతమాత్రాన కొరత తీరలేదు. అదే చర్చికి చెందిన వూస్టర్ డయాసిస్‌లో (బిషప్ పరిధిలో) రెక్టరుగా, అంటే సంఘ కాపరిగా చేసిన మార్క్ షార్ప్ ఉద్యోగీ కాదు, కార్మికుడూ కాదు అని 2015లో అప్పీలు కోర్టు తేల్చింది. దాంతో, తప్పులు బయటపెట్టినందుకు తనను ఇబ్బంది పెట్టారన్న ఆయన ఫిర్యాదు విచారణ గడప తొక్కలేదు.

అయ్యగారి అమ్మాయి:
పెద్దయ్యగారూ, మా నాన్నగారూ పాస్టరే, అర్ధరాత్రి పిలిస్తే ఆయన వెళ్లని రోజు లేదు. సైకిలు మీద, వానలో కూడా వెళ్లేవారు. గంటల లెక్క ఆయనెన్నడూ అడగలేదు. నా పదో తరగతి పరీక్షలకు ఆరు వారాల ముందు బదిలీ కాగితం వచ్చింది. కమిటీలో ఒకరితో మాటపట్టింపు వచ్చిందని ఊరందరికీ తెలుసు, కాగితంలో మాత్రం కారణం లేదు. ఇల్లు సంఘానిది, నెలాఖరుకు ఖాళీ చేశాం. అమ్మ పెంచిన మల్లె అంట్లు పక్కింటివారికి ఇచ్చేసింది. ఆమె ఏడుస్తుంటే నేను చూసింది ఆ రోజే. ఎవరిని అడగాలో మాకు తెలియలేదు. పనివాడు జీతానికి పాత్రుడని లూకా సువార్తలోనూ ఉంది కదా!

పల్లె పాస్టరు:
మాది స్వతంత్ర సంఘం. నాకు నియామక పత్రం లేదు. పిల్లవాడి చదువుకు లోను అడిగితే బ్యాంకువారు ఆదాయ పత్రం తెమ్మన్నారు. కానుకల డబ్బాకు పత్రం ఎవరిస్తారు?

నర్సాపురం సంఘ పెద్ద:
అమ్మా, మీరు చెప్పింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. బదిలీకి కారణం రాసివ్వాలన్నది ఒప్పుకుంటున్నాను. మా కమిటీలో ప్రతిపాదిస్తాను. కోర్టుకు మాత్రం ఒప్పుకోను. కానుకల మీద నడిచే పల్లె సంఘం పీఎఫ్ ఎక్కడి నుంచి కడుతుంది? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాస్టర్లకు ప్రకటించిన నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం కోసమే ఎదురుచూసేవారు నాకు తెలుసు.

హైదరాబాదు లాయరు:
పీఎఫ్ తరువాత మాట్లాడుకుందాం. నియామక పత్రానికి ఒక్క తెల్లకాగితం చాలు.

అయ్యగారి అమ్మాయి:
పెద్దయ్యగారూ, ఆ ప్రతిపాదనలో ఇంటి సంగతి కూడా చేర్చండి. పిల్లల పరీక్షలు అయ్యేదాకా ఖాళీ చేయమనకూడదని రాయండి.